పెరుగు గిన్నె కింద బంట్వారం

ఇంగ్లీషు అక్షరాలు నేను ‘ఏ’ దగ్గర మొదలుపెట్టలేదు. ‘క్యూ’ దగ్గర మొదలుపెట్టాను. కీబోర్డు మీద ఏ వరసలో ఉన్నాయో అదే వరస అనుకున్నాను. క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై. నా మనవరాలు బడిలో చేరి ఏబీసీడీలు చదువుతుంటే, ‘‘నీకు తప్పు నేర్పిండ్రు బిడ్డా’’ అని టీచరుతో కొట్లాటకు చెప్పులు కూడా వేసుకున్నాను. మా ఇంటామె అడ్డం పడకపోతే ఊళ్లో నా పరువు ఆ రోజే పోయేది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడగానే ‘‘మీరేం చదివారు?’’ అని అడుగుతారు. గొర్లు కాశాను. నలభై దాటాక తాండూరు బస్టాండులో బస్సుల బోర్డులు చూసి తెలుగు కూడబలుక్కున్నాను. వికారాబాదులో ఒక కంపెనీ ఆఫీసులో వాచ్‌మన్‌గా చేరాను. అక్కడ కంప్యూటర్ తెర చూసే మనిషి పెళ్లి చేసుకోవడానికి సెలవు పెట్టి వెళ్లి మళ్లీ రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది, నేను తలుపు దగ్గరే ఉన్నాను. నా ఉద్యోగం అట్లా మారింది.

ఆ తెర ఏం చేస్తుంది

మండలాల్లో ఆదాయం సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్లు తీసిచ్చే చిన్న చిన్న కేంద్రాలు ఉంటాయి. వాటికి ఇంటర్నెట్ లైను ఇచ్చే పని మా కంపెనీది. ప్రతి కేంద్రంలో ఆ లైను అందుకునే ఒక డబ్బా. మా ఆఫీసులో ఒక తెర. తెర మీద ప్రతి డబ్బాకీ ఒక చుక్క. డబ్బా పలుకుతుంటే చుక్క పచ్చగా ఉంటుంది, పలకకపోతే ఎర్రబడుతుంది.

చుక్క మీద నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది. అందులో కమాండ్లు తయారుగా పెట్టి ఉంటాయి. మనం ఏమీ రాయనక్కర్లేదు, నొక్కితే చాలు. రాయనక్కర్లేదు కనకనే నాకు ఆ పని దొరికింది.

అన్నిటికంటే పైనుండేది పింగ్. అంటే ఇక్కడినుంచి డబ్బాకు ఒక కేక వేయడం. అది విని తిరిగి పలికితే తెర మీద ‘రిప్లై’ అని పడుతుంది. అనంతగిరి గుట్టల్లో ఈ వాలు మీద నేను నిలబడి, ఆ వాలు మీద మా తమ్ముడిని ‘‘ఓ...’’ అని పిలిస్తే వాడు ‘‘ఓ...’’ అనేవాడు. దీనికి ఇంగ్లీషులో ఇంత పెద్ద పేరు పెట్టి, ఒక తెర కూడా కొన్నారు. దాని కిందది దారి చూపేది, మన కేక ఏ ఊళ్ల మీదుగా పోయిందో చెబుతుంది. ఇంకా కిందది డబ్బాను ఆపి మళ్లీ లేపేది. మా సార్‌కు ఆ మూడోది మహా ఇష్టం.

‘రిప్లై’ అన్న మాటను నేను చదవలేదు, గుర్తుపట్టాను. మొదట్లో ఆర్, చివర్లో తోక కిందికి వేలాడే వై. ఆ రూపం కనబడితే మంచిది, కనబడకపోతే చెడ్డది. దాని తర్వాత ఇంకా ఏవో అంకెలు, గీతలు ఉండేవి. వాటిని నేను చూడలేదు. అన్నం పెడితే విస్తరి మీద గీతలు ఎవరు లెక్కపెడతారు అనుకున్నాను. ఈ ఒక్క బద్ధకం ఒక ఆడపిల్ల ఉద్యోగాన్ని అంచు దాకా తీసుకుపోయింది. అదే ఇప్పుడు చెప్పబోయేది.

మందకు పేర్లు

తెర మీద డబ్బాలకు పేర్లకు బదులు పొడుగాటి నంబర్లుండేవి. నాకు అవి నోరు తిరిగేవి కావు. మా మందలో ప్రతి గొర్రెకూ దాని గుర్తును బట్టి పేరుండేది. అదే పని ఇక్కడా చేశాను. దౌల్తాబాద్ డబ్బాకు రెండు యాంటెనాల్లో ఒకటి విరిగింది కాబట్టి అది ఒంటికొమ్ము. తాండూరుది బండలు పాలిష్ చేసే యూనిట్ల పక్కన ఉండి ఎప్పుడూ దుమ్ము కప్పుకుని ఉండేది, కాబట్టి బూడిది. బంట్వారం డబ్బా మీద గోడకు సున్నం వేసేటప్పుడు ఎవరో తెల్ల చుక్క విసిరారు, సరిగ్గా నొసటి మీద. అది బొల్లి.

లైన్లు బాగుచేసే ఖాజా భాయ్ నవ్వుకుంటూనే ఆ పేర్లన్నీ తెరలోకి ఎక్కించిపెట్టాడు. ‘‘బీరన్నా, జర బకరీద్ ముంగట గీ తెర ఎవ్వరికి చూపెట్టకు. బేరానికొస్తరు’’ అన్నాడు.

ఒక్క సంగతి నేను ఆలోచించలేదు. గొర్రె పేరు గొర్రెది, అది మేసే చేనుది కాదు. బొల్లిని ఇంకో చేలోకి తోలితే అక్కడా అది బొల్లే. ఇది గుర్తుంచుకోండి.

నరహరి సార్, తాండూరు దుమ్ము

మా మేనేజరు నరహరి సార్ చెడ్డమనిషి కాదు. కానీ మనిషి చెప్పింది నమ్మడు, తెర చెప్పింది నమ్ముతాడు. ఎందుకంటే తెర ఎదురు మాట్లాడదు.

ఒకసారి తాండూరు బూడిది పలకడం ఆలస్యమైంది. ‘‘ఆపి లేపు’’ అన్నాడు సార్. ఆపి లేపాను. ‘‘మళ్లీ.’’ మళ్లీ లేపాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ డబ్బాను నేను బడికి పోనని మొండికేసే పిల్లను లేపినట్టు లేపుతూనే ఉన్నాను. చివరికి ఖాజా భాయ్ తాండూరుకు బస్సెక్కి వెళ్లి, ఇంట్లోంచి తెచ్చుకున్న రంగు బ్రష్షుతో దుమ్ము దులిపాడు. చేటెడు బండ పొడి రాలిందట. డబ్బా గాలి పీల్చుకుని బాగైంది.

సార్ మాత్రం పై ఆఫీసుకు ‘పదిహేడు సార్లు రీస్టార్ట్ చేయించి సమస్యను పరిష్కరించితిమి’ అని రాశాడు. బ్రష్షు మాట అందులో లేదు.

ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. సార్‌కు యాదమ్మ పెరుగంటే ప్రాణం. యాదమ్మ మా ఆఫీసులో ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేది. గది మూలన ఒక పాత చీరను పరదాగా కట్టుకుని, దాని వెనక తన గిన్నెలు, సార్ అన్నం క్యారియరు, కరెంటు పొయ్యి పెట్టుకునేది. ఆ పరదా వెనక్కి మగవాళ్లెవరం తొంగిచూసేవాళ్లం కాదు. చూస్తే చీపురు తగిలేది. ఆ చలికాలం వికారాబాదులో అందరిళ్లలో పెరుగు తోడుకోక నీళ్లలా ఉంటే, యాదమ్మ పెరుగు మాత్రం గిన్నె బోర్లిస్తే పడనంత గట్టిగా ఉండేది. ‘‘ఏం మంత్రమేస్తవ్ యాదమ్మా?’’ అని సార్ రోజూ అడిగేవాడు. ఆమె రోజూ ‘‘ఏం లేదు సార్, చేతి గుణం’’ అనేది.

ఒంటిగంట

బంట్వారం కేంద్రంలో సువార్త అనే అమ్మాయి పనిచేసేది. కూలికి పోయే తల్లిదండ్రులు చర్చి పాదిరి సాయంతో డిగ్రీ దాకా చదివించిన పిల్ల. ఆ ఇంట్లో నెల జీతం మొదట ఎత్తింది ఆమే. ఏడాదికోసారి ఒప్పందం కొత్తది రాయాలి, ఆ రాత మా సార్ మాట మీద ఆధారపడి ఉండేది.

ఆ చలికాలంలో ఆమె ఫోన్లు మొదలయ్యాయి.

‘‘సార్, లైను లేదు సార్. పొద్దుగాల్నుంచి జనం లైన్ల నిలవడ్డరు.’’

నేను బొల్లి మీద నొక్కాను. రిప్లై. తోక వేలాడే వై స్పష్టంగా కనబడింది.

‘‘లైను మంచిగనే ఉన్నది బిడ్డా. పలుకుతున్నది.’’

‘‘ఇక్కడ డబ్బా మీద లైను దీపాలే వెలుగుత లేవు సార్!’’

‘‘నాకు పచ్చగ కనవడుతున్నది. నీ కంప్యూటర్ చూస్కో.’’

మర్నాడూ ఇదే, ఆ మర్నాడూ ఇదే. ఆమె గొంతులో మొదట మర్యాద ఉండేది, తర్వాత ఏడుపు వచ్చింది, ఆ తర్వాత వెటకారం వచ్చింది. ‘‘మీ తెరకు కండ్లద్దాలు పెట్టియ్యుండ్రి సార్’’ అంది. నాకు కోపం వచ్చింది. నలభై దాటాక అక్షరం నేర్చుకున్నవాడికి చదువులో తప్పుందంటే వచ్చే కోపం మామూలుది కాదు.

ఈలోగా సార్ తెర మీద ఇంకొకటి పట్టుకున్నాడు. బొల్లి గీత రోజూ ఒంటిగంటకు తెగుతోంది, రెండు గంటలకు మళ్లీ అతుక్కుంటోంది. ఆదివారం తప్ప ప్రతిరోజూ, గడియారం చూసుకున్నట్టు.

‘‘అర్థమైందా బీరయ్యా?’’ అన్నాడు సార్, పెరుగన్నం కలుపుకుంటూ. ‘‘ఒంటిగంట కాంగనె ఆ పిల్ల డబ్బా బంద్ చేసి ఇంటికి పోతున్నది. తిని, పండి, రెండింటికొచ్చి ఆన్ చేస్తున్నది. మిగిలిన టైమంత లైను లేదని జనాన్ని ఎల్లగొడుతున్నది. ఎంత తెలివి!’’

‘‘గట్లనే ఉన్నది సార్’’ అన్నాను నేను. అవును, అన్నాను. దాచను.

సార్ కాగితం తయారుచేశాడు. ఈమెకు ఒప్పందం మళ్లీ రాయనక్కర్లేదని. దాని కింద ‘లైను సరిగానే ఉన్నది, పరీక్షించితిని’ అని నాచేత రాయించి సంతకం పెట్టమన్నాడు. వేలిముద్ర పోయి సంతకం వచ్చినవాణ్ని గదా, కాగితం కనబడితే చాలు చేయి గుంజుతుంది. బ మీద గుడి దీర్ఘం, ర, య్య. ముచ్చటగా పెట్టాను. కింద గీత కూడా గీశాను.

‘‘పై ఆఫీసుకు పంపే ముందు ఒక్కసారి నువ్వుపోయి ఒంటిగంటకు ఆమెను పట్టుకొని రా. సాక్ష్యం గట్టిగుంటది’’ అన్నాడు సార్. ‘‘ఎల్లుండి ఆమెను గూడ ఇక్కడికి పిలుస్తున్న.’’

బంట్వారంలో నేను కాపు కాసిన పొద్దు

దొంగను పట్టుకోబోతున్నానన్న హుషారుతో బస్సెక్కాను. పదకొండుకల్లా బంట్వారంలో దిగాను. కేంద్రం ముందు ముసలివాళ్లు, బడిపిల్లల తల్లులు నేల మీద కూర్చుని ఉన్నారు. లోపల సువార్త ఒక్కొక్కరికీ చేతులు జోడించి రేపు రమ్మంటోంది.

‘‘నేను బీరయ్యను, వికారాబాద్‌కెల్లి వచ్చిన’’ అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ‘‘పచ్చగ కనవడుతున్నదనే సార్ మీరేనా? రాండ్రి, మీ పచ్చదనం చూస్కోండ్రి.’’

గోడ మీద డబ్బాకు కరెంటు దీపం ఉంది. లైను దీపం ఒక్కటీ లేదు. నేను వెంటనే ఆఫీసుకు ఫోను చేశాను. సార్ ఇంకా రాలేదు, యాదమ్మ ఎత్తింది. తెర మీద బొల్లి ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. రోజూ తుడుస్తుంది.

‘‘యాదమ్మా, బొల్లి ఎట్లున్నది?’’

‘‘పచ్చగ ఉన్నదన్నా, చిలక లెక్క.’’

నేను డబ్బా వైపు చూశాను. చచ్చిన పిల్లిలా ఉంది. చేత్తో తట్టాను. అప్పుడు చూశాను, దాని నొసటి మీద తెల్ల చుక్క లేదు.

‘‘ఈ డబ్బా మచ్చ ఏమైంది?’’

‘‘మచ్చేంది సార్? పాతదాన్ని ఖాజా సార్ వట్టుకపోయిండు. దసరా ముంగట గీ కొత్తది పెట్టిపోయిండు. చలి మొదలైనకాన్నుంచి నా పరేషాన్’’ అంది సువార్త.

నా బుర్ర తిరిగింది, కానీ ఇంకా దొంగ మీదే ఉంది. ఒంటిగంట దాకా చూద్దాం అనుకున్నాను. ఒంటిగంటైంది. సువార్త ఇంటికి పోలేదు. డబ్బా ముందే కూర్చుని, టిఫిను తెరిచి, ‘‘తింటరా?’’ అని జొన్నరొట్టె సగం తుంచి నా ముందు పెట్టింది. రొట్టె చేతిలో పట్టుకునే ఫోను చేశాను.

‘‘ఎర్రగైంది అన్నా’’ అంది యాదమ్మ. ‘‘జల్ది చెప్పు, నాకు పొయ్యి మీద పనున్నది.’’

బంట్వారంలో ఏమీ మారలేదు. ఎవరూ కదల్లేదు. రెండు గంటలకు మళ్లీ చేశాను. సార్ తిని బయటికి పోయాడట, యాదమ్మే ఎత్తింది. పచ్చగైందంది. ఇక్కడ మళ్లీ ఏమీ మారలేదు. మరి ఒంటిగంటకు బువ్వకు పోయి రెండింటికి వస్తున్నది ఎవరు?

‘‘యాదమ్మా, పింగ్ మీద నొక్కు. రిప్లై అని పడుతది గదా, దాని తర్వాత ఏమున్నదో చూడు.’’

‘‘నాకు సదువస్తదా అన్నా?’’

‘‘బొమ్మ చెప్పు. ఎట్లున్నది?’’

‘‘చివరంగ... ఒక కాకి కాలు. దాని పక్కకు నిలువు గీత, ఒక్కటి.’’

కాకి కాలు అంటే ‘అంతకంటే తక్కువ’ అనే గుర్తు. గీత అంటే ఒకటి. పిలిచిన కేక తిరిగి రావడానికి పట్టిన సమయం అది. బంట్వారం దాకా పోయి వచ్చే కేకకు అక్కడ ముప్పై దరిదాపుల్లో ఉండేదని ఖాజా భాయ్ ఎప్పుడో చెప్పాడు, నేను ఊ కొట్టి వదిలేశాను. గుట్టల్లో తమ్ముణ్ని పిలిచినప్పుడు జవాబు ఎంత ఆలస్యంగా వస్తే అంత దూరంలో ఉన్నాడని చెవితోనే కొలిచేవాణ్ని. వాడు పొద వెనకే దాక్కుని పలికితే వెంటనే తెలిసిపోయేది. గొర్లు కాసేటప్పుడు తెలిసిన సంగతి కుర్చీలో కూర్చున్నాక మరిచిపోయాను. కాకి కాలు పక్కన ఒకటి అంటే, అది పక్కూళ్లో కూడా లేదు. నా గదిలోనే ఉంది.

‘‘యాదమ్మా, తెల్ల మచ్చ డబ్బా మన రూంల ఎక్కడన్న ఉన్నదా?’’

ఫోనులో పరదా జరిపిన చప్పుడైంది.

‘‘నా పెరుగు కింద ఉన్నది గదన్నా’’ అంది.

చేతి గుణం

ఖాజా భాయ్ పాత డబ్బాను తెచ్చి, బాగుందో లేదో చూద్దామని పరదా వెనకున్న ప్లగ్గుకూ తీగకూ తగిలించి, ఇంకో పిలుపొస్తే వెళ్లిపోయాడు. కొత్తదాని నంబరు తెరలోకి ఎక్కించడం మరిచాడు. అందుకని తెర బంట్వారం అనుకుని పరదా వెనకున్న బొల్లినే పిలుస్తూ పోయింది. యాదమ్మకు అది వెచ్చగా తగిలింది. పాల గిన్నె దాని మీద పెడితే తెల్లారేసరికి గడ్డపెరుగు. ఆ మూలన ఉన్నది ఒకటే ప్లగ్గు. ఒంటిగంటకు బొల్లిని పీకి కరెంటు పొయ్యి పెట్టి సార్ కూర వేడిచేసేది. రెండింటికి పొయ్యి పీకి, మళ్లీ బొల్లిని తగిలించి, కొత్త పాలు తోడేసేది.

ఇదంతా ఆమె ఫోనులోనే గబగబా చెప్పి, ‘‘అన్నా, నీ కాల్మొక్త, నా పెరుగు పేరు రానియ్యకు. పనిల నుంచి తీసేస్తరు’’ అంది.

పక్కనే నిలబడ్డ సువార్త అంతా వింది. ‘‘అంటే నా నౌకరీ పెరుగు కోసం పోతున్నదా సార్?’’ అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తర్వాత నా ఎదుట కూర్చుని, నెమ్మదిగా అడిగింది, ‘‘రేపు నన్ను గూడ పిలిచిండ్రు. మీరు సార్ ముంగట ఏం చెప్తరు కాకా?’’

సార్ అన్న పిలుపు పోయి కాకా వచ్చింది. దానికంటే బరువైంది ఇంకొకటి ఉండదు.

తిరుగుబస్సులో నాకు తోచిన తెలివితేటలు చెబుతాను, సిగ్గుపడుతూనే. చప్పుడు చేయకుండా కొత్త నంబరు ఎక్కించేస్తే చాలు. లైను ఇప్పుడే చెడిందని చెప్పేస్తే చాలు. నా సంతకం బతుకుతుంది, యాదమ్మ పెరుగు బతుకుతుంది. కానీ పాత గీతలు తెరలో అట్లాగే ఉంటాయి. ఒంటిగంటకు తెగిన గీతలు. సార్ వాటిని పట్టుకునే ఆమెను పంపించేస్తాడు. మర్పల్లి దాటేసరికి ఆ తెలివి అయిపోయింది.

పరదా తీసిన రోజు

అనుకున్న రోజు సువార్త వచ్చింది. చర్చికి పోయేటప్పుడు కట్టుకునే చీర కట్టుకుంది. సార్ తెర ముందు కూర్చుని ఆమెకు గీతలు చూపించాడు.

‘‘ఇదేంది? ఒంటిగంట. ఇదేంది? రెండు. మిషన్ అబద్ధమాడదమ్మా.’’

‘‘మిషన్ అబద్ధమాడలే సార్, నేనాడిన’’ అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. ‘‘చూడకుంటనే చూసిన్నని సంతకం పెట్టిన. బొల్లి బంట్వారంల లేదు.’’

‘‘మరెక్కడున్నది?’’

నోరు తెరిచాను. యాదమ్మ చీపురు పట్టుకుని మూలన నిలబడి ఉంది. ఆమె ముఖం చూశాక నా నోరు తెరుచుకునే ఉండిపోయింది. సార్ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు యాదమ్మే చీపురు గోడకానించి, పరదా సర్రున పక్కకు లాగింది.

నొసట తెల్ల చుక్కతో బొల్లి. నాలుగు దీపాలు మిలమిలలాడుతున్నాయి. దాని నెత్తి మీద స్టీలు గిన్నె, గిన్నె మీద మూత, మూత మీద చిన్న రాయి.

‘‘సార్, మీరు తెరనే చూడుండ్రి’’ అని నేను పింగ్ నొక్కాను. రిప్లై, కాకి కాలు, ఒకటి. యాదమ్మ ప్లగ్గు పీకింది. చుక్క ఎర్రబడింది. యాదమ్మ ప్లగ్గు పెట్టింది. దీపాలన్నీ ఒక్కొక్కటిగా లేచేదాకా నలుగురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. చుక్క పచ్చబడింది.

‘‘మరి ఒంటిగంటకు రోజు ఏమైతున్నది?’’ అన్నాడు సార్, ఇంకా పట్టు వదలకుండా.

‘‘ఒంటిగంటకు మీ కూర వేడైతది సార్’’ అంది యాదమ్మ.

మొదట సువార్త నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. నాకూ ఆగలేదు. సార్ చెవులు ఎర్రబడ్డాయి, అచ్చం చుక్క ఎర్రబడినట్టే. చివరికి ఆయన ఆ కాగితం తీసి, నా ముచ్చటైన సంతకంతో సహా నాలుగు ముక్కలు చేశాడు.

‘‘యాదమ్మా’’ అన్నాడు.

‘‘సార్?’’

‘‘గా చేతి గుణం ముచ్చట ఇంకెవ్వరికి చెప్పకు.’’

మర్నాడే ఖాజా భాయ్ బంట్వారం వెళ్లాడు. అక్కడ కోతులు స్తంభం మీది తీగ పట్టుకుని ఊగి ఊగి లోపల సగం తెంపాయి. గాలి ఇటు వీస్తే లైను వచ్చేది, అటు వీస్తే పోయేది. తీగ మార్చాడు. సువార్తకు ఒప్పందం మళ్లీ రాశారు. పై ఆఫీసుకు సార్ ఏం రాశాడంటే, ‘సాంకేతిక కారణములు’. నేను ఆయన్ను తప్పు పట్టను. పెరుగు అని ఎట్లా రాస్తాడు?

ఇక మీ పని

మీకు ఇప్పుడు కమాండ్లు నాకున్నవాటికంటే ఎక్కువ ఉంటాయి. తెర పెద్దదై ఉంటుంది. నొక్కండి, తప్పులేదు. కానీ వచ్చిన జవాబును చివరి గీత దాకా చదవండి. నేను పెద్దయ్యాక చదువు నేర్చుకుని, ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మీరు చిన్నప్పటినుంచే చదువుకున్నారు, మీకు ఆ సాకు లేదు. అవతలినుంచి ఒక మనిషి దీపాలు వెలగడం లేదని ఏడుస్తుంటే, మీ తెర పచ్చగా ఉన్నా సరే, బస్సెక్కండి. సంతకం ఎంత బాగా పెట్టడం వచ్చినా సరే, తొందరపడి పెట్టకండి.

వయసైందని నేను దిగిపోయినప్పుడు నా కుర్చీలోకి సువార్త వచ్చింది. మొదటిరోజే డబ్బాల పేర్లు మారుస్తుందనుకున్నాను. మార్చలేదు. ఒంటికొమ్ము, బూడిది అట్లాగే ఉన్నాయి, ప్రతి పేరు పక్కన ఊరి పేరు కూడా చేర్చింది. ఇప్పటికీ ఏదైనా తేలకపోతే నాకు ఫోను చేస్తుంది. బాగున్నవా అని అడగడానికి ముందే, ‘‘కాకా, ఎక్కడికెల్లి మాట్లాడుతున్నవ్?’’ అంటుంది. నేను ఇంట్లో ఉన్నానో, చేను కాడ ఉన్నానో నిజం చెప్పాకనే తర్వాతి మాట.

పోయేటప్పుడు ఏం కావాలని కంపెనీ వాళ్లు అడిగితే, మూలన పడేసిన బొల్లిని ఇమ్మన్నాను. నవ్వి ఇచ్చేశారు. ఇప్పుడు అది మా వంటింటి అరుగు మీద ఉంది. ఏ లైనూ లేదు, ప్లగ్గు ఒక్కటే. అది పనిచేస్తోందో లేదో చూడటానికి నాకు తెర అక్కర్లేదు, కమాండ్ అక్కర్లేదు. పొద్దున లేచి గిన్నె మూత తీసి చూస్తాను.

నిన్న పెరుగు నీళ్లలా ఉంది. మా ఇంటామెను ఏమీ అనలేదు. ముందు ప్లగ్గు చూశాను. మనవరాలు పీకేసి ఫోను చార్జింగు పెట్టుకుంది.